ఎన్.ఎస్. సవన్నా: రియాక్టర్ భేష్, సరుకు ఓడగా ఫెయిల్

సరుకు ఓడ కొనేవాళ్లు మూడు సంగతులు చూస్తారు: ఎంత సరుకు పడుతుంది, నడపడానికి ఏడాదికి ఎంతవుతుంది, ఏ రేవులోకైనా రానిస్తారా. అణుశక్తితో నడిచిన తొలి వాణిజ్య నౌక సవన్నాను కూడా ఈ మూడింటితోనే తూచాలి. మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం: రియాక్టర్‌కు ఐదుకు నాలుగున్నర, సరుకు ఓడగా ఐదుకు ఒకటిన్నర.

1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రతిపాదించిన ఓడ ఇది. న్యూజెర్సీలోని కామ్‌డెన్‌లో న్యూయార్క్ షిప్‌బిల్డింగ్ కట్టింది, 1959 జులై 21న నీటిలోకి దిగింది. మొత్తం ఖర్చు 4.69 కోట్ల డాలర్లు, అందులో 2.83 కోట్లు రియాక్టర్‌కు, ఇంధనానికే పోయాయి. పొడవు దాదాపు 182 మీటర్లు, వేగం 21 నాట్లు, అంటే గంటకు దాదాపు 39 కిలోమీటర్లు.

యంత్రం గదిని కాస్త దగ్గరగా చూద్దాం, ఈ ఓడలో నిజంగా మెచ్చుకోవలసింది అక్కడే ఉంది. బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ తయారుచేసిన 74 మెగావాట్ల ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టర్ ఇది. అందులో 32 ఇంధన కట్టలు, అణుచర్యను అదుపుచేసే 21 కంట్రోల్ రాడ్లు. ఇంధనంలో విచ్ఛిత్తి చెందే యురేనియం-235 వాటా 4 నుంచి 5 శాతం మధ్యే, అంటే బాంబుకు పనికొచ్చే సరుకు కాదు. రియాక్టర్‌లో తిరిగే నీరు మరగకుండా చదరపు అంగుళానికి 1,750 పౌండ్ల ఒత్తిడిలో ఉంటుంది. ఆ వేడితో వేరే నీళ్లు ఆవిరై టర్బైన్‌ను తిప్పుతాయి. ఆ ఆవిరికి సూపర్‌హీట్, అంటే మరిగే స్థాయికి మించిన వేడి, ఉండదు. తడి ఆవిరి కాబట్టి టర్బైన్ దశల మధ్య తేమ తీసెయ్యాలి, సామర్థ్యం కూడా తక్కువ. 74 మెగావాట్ల వేడిలో ఇరుసుకు చేరేది సుమారు 20,000 హార్స్‌పవర్, అంటే దాదాపు ఐదో వంతు. చమురు బాయిలర్‌తో పోలిస్తే ఇది నాసిరకం లెక్కే. కాకపోతే ఇంధనం ఏళ్లకేళ్లు నడుస్తుంది కాబట్టి ఈ లోపం పెద్దగా తెలియదు. 1968లో ఇంధనం మార్చినప్పుడు 32 కట్టల్లో నాలుగే కొత్తవి వేశారు, మిగతావాటిని చోట్లు మార్చి సర్దారు.

భద్రత ఏర్పాట్లు చూస్తే డిజైనర్ల మీద గౌరవం పుడుతుంది. ఇంకో ఓడ పక్కనుంచి గుద్దినా దెబ్బ రియాక్టర్ దాకా పోకుండా, అంగుళం మందం ఉక్కు, మూడు అంగుళాల రెడ్‌వుడ్ చెక్క ఒకదాని మీద ఒకటి పేర్చి రెండడుగుల అడ్డుగోడ కట్టారు. ఓడ మునిగిపోతే బయటి నీటి ఒత్తిడికి కంటైన్‌మెంట్ (రియాక్టర్ చుట్టూ ఉండే ఉక్కు పాత్ర) నలిగి పగలకుండా, నీటిని లోపలికి రానిచ్చి ఒత్తిడి సమానం కాగానే మూసుకునే వాల్వులు పెట్టారు. రియాక్టర్ ఆగిపోతే రేవు చేరడానికి 750 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ మోటార్ విడిగా ఉంది. ఇంత ఆలోచన సరుకు వైపు కూడా పెట్టి ఉంటే ఎంత బాగుండేదో!

పెట్టలేదు. లోడు సుమారు 8,500 టన్నులు. అందం కోసం ముక్కు భాగాన్ని సన్నగా దిద్దారు, దాంతో ముందు హోల్డులు (సరుకు గదులు) ఇరుకైపోయి సరుకు ఎక్కించడం దించడం ఆలస్యమయ్యేది. 60 మంది ప్రయాణికులకు గదులు, ఈతకొలను, బార్ పెట్టడంతో ఇది పూర్తిగా సరుకు ఓడా కాదు, ప్రయాణికుల ఓడా కాదు. దానికి తోడు అప్పటికే కంటైనర్ ఓడల కాలం మొదలైంది. సిబ్బంది 124 మంది. అదే పరిమాణంలో చమురుతో నడిచే ఓడకు ఇందులో నాలుగింట మూడు వంతుల మంది సరిపోతారు.

అసలు దెబ్బ ఓడ యంత్రాల వల్ల కాదు, జీతాల గొడవ వల్ల తగిలింది. అణు శిక్షణ తీసుకున్న ఇంజినీర్లకు జీతం పెంచితే, డెక్ ఆఫీసర్ల జీతం ఎప్పుడూ వాళ్లకంటే ఎక్కువే ఉండాలన్న పాత ఆనవాయితీ అడ్డొచ్చింది. మధ్యవర్తి డెక్ ఆఫీసర్ల వైపు చెప్పేసరికి 1963లో ఇంజినీర్లు రియాక్టర్ ఆపేశారు. ప్రభుత్వం నిర్వాహక కంపెనీనే మార్చి, కొత్త సిబ్బందికి మళ్లీ మొదటినుంచి శిక్షణ ఇప్పించాల్సి వచ్చింది. సాధారణ ఓడ అయితే వారంలో వేరే ఇంజినీర్లను తెచ్చుకోవచ్చు, ఇక్కడ అది కుదరదు. కొనేవాళ్లు ఈ ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

రియాక్టర్ నుంచి వచ్చే రేడియోధార్మిక వ్యర్థ జలం మరో లోపం. నిల్వ ట్యాంకులు 10,000 గ్యాలన్లకే కట్టారు. నీరు అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా వచ్చింది, మొదటి ఏడాదే 1,15,000 గ్యాలన్లు సముద్రంలోకి వదిలారు. ఈ రోజుల్లో ఏ రేవూ దీన్ని ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

ఏడాదికి చమురుతో నడిచే ఓడకంటే సుమారు 20 లక్షల డాలర్లు అదనంగా ఖర్చయ్యేది. ఒక్క ఓడ కోసం టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో ప్రత్యేక మరమ్మతు కేంద్రం, వ్యర్థాలు తీసుకోవడానికి ఒక బార్జి, శిక్షణ సిబ్బంది, అన్నీ నడపాల్సి వచ్చింది. అదే పది ఓడలుంటే ఆ ఖర్చు పదికి పంచుకునేది. ఓడను ఆపేసిన 1971లో చమురు టన్ను 20 డాలర్లు, 1974కల్లా 80. మూడేళ్లు ఆగి ఉంటే లెక్క మారేదేమో అనిపిస్తుంది, కానీ రేవుల అనుమతి సమస్య మాత్రం అలాగే ఉండేది. అణు నౌకల నష్టపరిహారంపై 1962లో బ్రసెల్స్‌లో కుదిరిన ఒప్పందం ఇప్పటికీ అమల్లోకి రాలేదు. అందుకే ప్రతి దేశంతోనూ విడివిడిగా మాట్లాడుకోవాల్సిందే. యుద్ధనౌకల లెక్క వేరు. విశాఖలో 2009లో జలప్రవేశం చేసిన అరిహంత్ జలాంతర్గామిలోనూ ఉన్నది ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టరే, అయితే దానికి సరుకు కిరాయి రాబట్టాల్సిన పని లేదు.

పోటీ ఓడల్లో జర్మనీ వారి ఓటో హాన్ మాకు ఎక్కువ నచ్చింది. ఆవిరి జనరేటర్‌ను రియాక్టర్ పాత్రలోనే ఇమిడ్చారు, 38 మెగావాట్లు, చోటు బాగా కలిసొచ్చింది. మొదటి విడతలో 22 కిలోల యురేనియం ఖర్చుతో రెండున్నర లక్షల నాటికల్ మైళ్లు తిరిగింది. అయినా సూయజ్ కాలువలోకి రానివ్వలేదు. 1979లో రియాక్టర్ ఆపి, తర్వాత డీజిల్ ఇంజిన్ బిగించారు. చివరికి 2009లో మన గుజరాత్ అలంగ్ తీరంలోనే తుక్కయింది.

జపాన్ ముత్సును ఎవరికీ సిఫార్సు చెయ్యం. 1974 సెప్టెంబర్ 1న 1.4 శాతం శక్తి దగ్గరే న్యూట్రాన్లు లీకయ్యాయి. కారణం ఇంధనం కాదు, రియాక్టర్ పాత్రకూ కవచానికీ మధ్య ఖాళీ. న్యూట్రాన్లు ఆ సందులోంచి పైకి వచ్చేశాయి. డిజైన్ పరిశీలించిన వెస్టింగ్‌హౌస్ ముందే హెచ్చరించినా మార్చలేదు. జాలరులు రేవులోకి రానివ్వక ఓడ వారాలపాటు సముద్రంలోనే ఉండిపోయింది.

రష్యా సెవ్‌మోర్‌పుత్ ఒక్కటే 1988 నుంచి, మధ్యలో ఆగినా, మూడు దశాబ్దాలు దాటి నిలబడింది. ఉత్తర రష్యా రేవు మూర్మాన్స్క్‌లో అణు ఐస్‌బ్రేకర్ల (మంచు పగలగొట్టే ఓడల) కోసం కట్టిన కేంద్రం, సిబ్బంది అప్పటికే ఉన్నారు కాబట్టే అది సాధ్యమైంది. దానికీ 1989లో ఆ దేశపు తూర్పు తీర రేవుల్లో కార్మికులు అడ్డం పడ్డారు. 2020లో అంటార్కిటికా దారిలో అంగోలా దగ్గర ప్రొపెల్లర్ రెక్క పోయి వెనక్కి తిరగాల్సి వచ్చింది. రియాక్టర్ బాగానే ఉంది, మామూలు భాగమే చెడింది.

ఇప్పుడు మళ్లీ అణు సరుకు ఓడల ప్లాన్లు బయటికి వస్తున్నాయి. బ్రోషర్లలో వేగం, కార్బన్ ఆదా గురించి పేజీలు ఉంటాయి. కొనేవాళ్లు మాత్రం ముందు అడగాల్సింది కూల్చివేత ఖర్చు. సవన్నా రియాక్టర్ పాత్రను ఓడలోంచి తీసింది 2022లో, అంటే ఆపేసిన 51 ఏళ్లకు. ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో ఒప్పందంలో రాసి ఇవ్వనివాళ్ల దగ్గర బయానా కట్టవద్దు.