మా కూలర్‌కున్న రెండో స్విచ్చు: కోనసీమ మండువా ఇంట్లో ఐదు వేసవులు

మొదటి వేసవి సగంలో ఉండగానే ఈ కూలర్ గురించి అడిగిన వాళ్ళందరికీ "కళ్ళు మూసుకుని కొనుక్కోండి" అని చెప్పేశాను. 2021 మార్చిలో కొన్నాం. ఐదు వేసవులు వాడాక ఆ మాట ఇప్పుడు అంత ధీమాగా అనలేను. అలాగని ఇంట్లోంచి తీసెయ్యమంటే మాత్రం ఒప్పుకోను. దానికి కారణం దీనికున్న ఒక చిన్న స్విచ్చు. ఫ్యానుకి ఒక స్విచ్చు, నీళ్ళ పంపుకి ఇంకొకటి. రెండూ విడివిడిగా ఉన్నాయి.

చాలా కూలర్లకి ఇలాగే ఉంటుంది, నాకూ తెలుసు. కానీ మా చుట్టాలిళ్ళలో ఆ రెండో స్విచ్చు విడిగా వాడిన వాళ్ళని నేను చూడలేదు. కూలర్ వేశారంటే రెండూ వేసేస్తారు, ఆపితే రెండూ ఆపేస్తారు. మొదటి నెలన్నర నేనూ అదే చేశాను.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పెంకుటిల్లు, మండువా లోగిలి. మామూలు రోజుల్లో ఎనిమిది మందిమి ఉంటాం. ఏప్రిల్ నెలాఖరుకి బళ్ళకి సెలవులిచ్చారంటే ఆడపడుచులిద్దరూ పిల్లల్ని తీసుకుని వస్తారు, హైదరాబాదు నుంచి మా చిన్న మరిదిగారి కుటుంబం వస్తుంది. అప్పుడు ఇంట్లో పదిహేడు మందిమి. పగలు భోజనాలయ్యాక పడమటింట్లో, అంటే పడమటి వైపు గదిలో, చాపలు పరిచేసి పిల్లలు, పెద్దలు అందరూ అక్కడే నడుం వాలుస్తారు. ఇంటి మధ్యలో కప్పు తెరిచి ఉండే ఇంట్లో ఏసీ పెట్టినా చల్లదనం ఎక్కడ నిలుస్తుంది? అందుకే పడమటి వసారాలో కిటికీకి ఆనించి 65 లీటర్ల పెద్ద కూలర్ పెట్టాం. బయటి గాలిని లాగి లోపలికి కొడుతుంది. ఆ గాలి గదిలోంచి మండువాలోకి వెళ్ళి పైకి పోతుంది. కూలర్‌కి ఇంతకంటే మంచి ఇల్లు ఉండదని నాకు తర్వాత తెలిసింది.

మొదటి ఏడాది మధ్యాహ్నాలు ఎంత బాగుండేవో చెప్పలేను. ఎండలో ఆవకాయకి కాయలు కొట్టించుకుని వచ్చిన మా వారు ఆ గదిలో అడుగుపెట్టి "అబ్బ" అని అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయారు. కానీ అదే కూలర్ రాత్రి వేస్తే ఒళ్ళంతా జిడ్డు. దుప్పట్లు తడి తడిగా తగిలేవి. పడమటింటి తలుపు ఉబ్బిపోయి గడియ పడేది కాదు. ఇవన్నీ ఒక ఎత్తు, గుమ్మడి వడియాలు ఒక ఎత్తు. నాలుగు రోజులు ఎండబెట్టి, గలగలమంటున్నాయి కదా అని పళ్ళెంలో పోసి ఆ గదిలో అల్మరా మీద పెట్టాను. రెండు రాత్రులయ్యేసరికి మెత్తబడిపోయాయి. వారం తర్వాత చూస్తే కొన్నిటి మీద బూజు. ఇంటికొచ్చిన వాళ్ళు వెళ్ళేటప్పుడు తలా ఒక పొట్లం కట్టిద్దామనుకున్న వడియాలవి. నాకు ఏడుపొచ్చింది.

కూలర్ పాడైందనుకున్నాను. ప్యాడ్లు తీసి కడిగించాను. ఏం తేడా లేదు.

అసలు సంగతి ట్యాంకులో దొరికింది. ఒకరోజు పొద్దున పదకొండింటికి నిండా నింపాను. సాయంత్రం నాలుగింటికల్లా అడుగు కనపడింది. మళ్ళీ నింపి రాత్రి తొమ్మిదింటికి వేశాం. తెల్లవారుజామున లేచి చూస్తే, ఏడు గంటలు తిరిగినా పక్కనున్న నీళ్ళ గీత నాలుగు వేళ్ళు కూడా దిగలేదు. నీళ్ళు ఆవిరైతేనే కదా చల్లదనం. ఆవిరి కావట్లేదంటే గాలిలో అప్పటికే తేమ నిండి ఉందన్నమాట. దానికి కూలర్ తడి కూడా తోడైతే మన ఒంటి చెమటా ఆరదు, వడియాలూ మెత్తబడతాయి.

మా పెద్ద మరిదిగారి అబ్బాయి అప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు. గాలిలో తేమ చూపించే చిన్న మీటరొకటి తెప్పించి గోడకి తగిలించాడు. వేడి, తేమ రెండూ చూపిస్తుంది. వాడు లెక్కకట్టి చెప్పిందిది: బయట 40 డిగ్రీలుండి తేమ 25 శాతమే ఉంటే, నీళ్ళతో గాలిని సుమారు 24 డిగ్రీల దాకా చల్లబరచవచ్చు. కూలర్ అంత దాకా వెళ్ళదు కానీ 27, 28కి తెస్తుంది. అదే రాత్రి 33 డిగ్రీలుండి తేమ 75 శాతం ఉంటే, ఎంత మంచి కూలరైనా 29 దాటి కిందికి దించలేదు. "పెద్దమ్మా, రాత్రిపూట ఇది కూలర్ కాదు, తడి గాలి మిషను" అన్నాడు.

మా వైపు వేసవంటే రెండు గాలులు. పగలు పడమటి గాలి వస్తే అది వడగాలి, మొహం మాడిపోతుంది, అయితే పొడిగా ఉంటుంది. సాయంత్రానికి సముద్రం వైపు నుంచి గాలి మళ్ళుతుంది. ప్రాణం లేచొచ్చినట్టుంటుంది కానీ తేమంతా మోసుకొస్తుంది. పడమటి గాలికి పంపు వెయ్యాలి. సముద్రపు గాలికి పంపు ఆపేసి ఫ్యాను ఒక్కటే వదలాలి. ఆ పెద్ద ఫ్యాను బయటి చల్లగాలిని లాగి పడమటింట్లోకి పోస్తుంటే, రాత్రిళ్ళు సీలింగ్ ఫ్యాను కంటే వెయ్యి రెట్లు హాయిగా ఉంది. జిడ్డు లేదు, తలుపు గడియ పడింది. మరుసటి ఏడు వడియాలు కూడా నిలిచాయి, కాకపోతే వాటిని ఇప్పుడు వంటింట్లో డబ్బాల్లోనే పెడుతున్నాను.

ఆ స్విచ్చు ఇప్పుడు మా అత్తయ్యగారి చేతిలో ఉంది. ఆవిడకి ఎనభై దాటాయి. మీటరు వంక చూడరు. మధ్యాహ్నం మూడు దాటాక వసారాలో పడక్కుర్చీ వేసుకుని కొబ్బరి చెట్ల వంక చూస్తూ ఉంటారు. పొద్దుట్నించీ ఒక పక్కకి దువ్వినట్టున్న మట్టలు కాసేపు ఎటూ కదలకుండా వేలాడతాయి. ఆ కాసేపు ఊరంతా ఉక్కగా ఉంటుంది. తర్వాత చివరి ఆకులు అటు నుంచి ఇటు తిరుగుతాయి. "అమ్మాయ్, గాలి తిరిగింది. నీళ్ళు ఆపెయ్" అంటారు. వెళ్ళి మీటరు చూస్తే అప్పటికి తేమ నలభయ్యో నలభై అయిదో ఉంటుంది. ఇంకో అరగంటకి అరవై దాటుతుంది. ఆవిడ మాట తప్పడం నేను చూసింది ఒక్కసారే, ఆరోజు మబ్బు పట్టింది.

ఇక 2023 మే సంగతి చెప్పాలి. నెల మధ్యలో వడగాలులు గట్టిగా వీచిన రోజులవి. ఇల్లు నిండుగా ఉంది. మా చిన్నాడపడుచుకి నాలుగో నెల పాప. ఒళ్ళంతా చెమటకాయలతో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పగలు ఒంటిగంటకి కూలర్‌లోంచి ఉన్నట్టుండి పొయ్యి దగ్గర నిలబడ్డట్టు వేడి గాలి కొట్టింది. ఫ్యాను తిరుగుతోంది, పంపు మూలుగుతోంది, నీళ్ళు ప్యాడ్ల మీదకి ఎక్కట్లేదు.

కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తే కంప్లైంట్ రాసుకున్నారు. మనిషి వచ్చింది తొమ్మిది రోజులకి. వచ్చినాయన చూసి, ఉప్పునీళ్ళ వల్ల పాడైతే వారంటీ వర్తించదని చెప్పి వెళ్ళిపోయాడు. తొమ్మిది రోజులు ఆగి వినాల్సిన మాటా అది? ఆ సంగతి ఫోన్లోనే చెప్పి ఉంటే మేము వేరే దారి చూసుకునేవాళ్ళం. నాకు ఆ కోపం ఇంకా పోలేదు.

ఆ మధ్యాహ్నం మమ్మల్ని గట్టెక్కించింది అత్తయ్యగారే. "వడ్ల గోనెసంచులు తడిపి ఆ కిటికీకి కట్టండర్రా" అన్నారు. ఆవిడ కాపరానికి వచ్చిన కొత్తలో పెద్ద ఇళ్ళలో వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లేవారట, లేనివాళ్ళు గోనెలు కట్టుకునేవారట. కూలర్ని పక్కకి జరిపాం. నాలుగు సంచులు విప్పి కలిపి కుట్టి పడమటి కిటికీకి బయటినుంచి వేలాడదీశాం. లోపల నిలువు ఫ్యానొకటి పెట్టాం. పిల్లలు చెంబులు పట్టుకుని వంతులు వేసుకున్నారు, పది నిమిషాలకొకసారి ఒకడు వెళ్ళి నీళ్ళు కొట్టి వచ్చేవాడు. మీటరు 37 నుంచి మెల్లగా 32కి దిగింది. తడి గోనె వాసన, అడుగున కారిన నీళ్ళతో వసారా అంతా బురద. పాప మాత్రం రెండున్నరకల్లా నిద్రపోయింది. ఆ పిల్ల గుప్పిట విప్పుకుని పడుకున్న తీరు చూసి మా ఆడపడుచు కూడా గోడకి జారగిలబడి అలాగే కునుకు తీసింది. పంపు బాగయ్యే దాకా ఆ గోనెసంచులే మా కూలర్.

బాగుచేసింది మా ఊరి ఎలక్ట్రీషియనే. కంపెనీ మనిషి వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే పంపు విప్పి నా చేతిలో పెట్టాడు. లోపలి చిన్న రెక్కల చుట్టూ తెల్లగా, సున్నపు పెచ్చులా గడ్డకట్టేసి ఉంది. "ఆయ్, పంపుదేం తప్పు లేదండి. ఉప్పు పట్టేసిందండి. బోరు నీళ్ళు పోశారాండి?" అన్నాడు.

పోశాం. ఏం చేస్తాం. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతల వేళకి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. కాలువలు కట్టడం అంటాం దాన్ని. మళ్ళీ నీళ్ళొచ్చేది జూన్‌లో. కాలువ పారినన్నాళ్ళూ మా నూతి నీళ్ళు తియ్యగా ఉంటాయి. కాలువ ఎండితే అవే ఉప్పగా మారతాయి, బోరైతే ఇంకా ఉప్పన. సరిగ్గా కూలర్‌తో పని పడే నెలన్నరలోనే మంచినీళ్ళకి కరువు. పదిహేడు మందికి తాగడానికీ వండడానికీ చూసుకోవాలా, రోజుకి 65 లీటర్లు కూలర్‌కి పొయ్యాలా? ఉప్పునీళ్ళలో నీరు ఆవిరైపోయి ఉప్పంతా ప్యాడ్లలోనూ పంపులోనూ మిగిలిపోతుంది. మళ్ళీ మళ్ళీ పైన పోస్తూ పోయే కొద్దీ ట్యాంకులో ఉప్పు చిక్కబడుతుంది. ఇదంతా నాకు ఆ తెల్లటి పెచ్చు చేత్తో పట్టుకున్నాకే తలకెక్కింది.

అతను పంపుని నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది మళ్ళీ తిప్పాడు. తిరిగింది. హనీకోంబ్ ప్యాడ్లలో రెండు మాత్రం గట్టిపడి రాయిలా అయిపోయాయి, మార్చక తప్పలేదు. అప్పటినుంచి బోరు నీళ్ళు పోసే రోజుల్లో మధ్యాహ్నం వాడకం అవగానే మిగిలిన నీళ్ళు పూర్తిగా వదిలేస్తున్నాం, పైన పొయ్యట్లేదు. మా ఊళ్ళో శుక్రవారం డ్రై డే ఎలాగూ ఉంది, దోమలు పెరగకుండా తొట్లు, డ్రమ్ములు ఖాళీ చెయ్యమని చెబుతారు. ఆరోజే ట్యాంకు తుడిచి, పదిహేను రోజులకొకసారి పంపుని నిమ్మ ఉప్పులో వేస్తున్నాను. ఆ తర్వాత పంపు మళ్ళీ ఆగలేదు. పైనున్న ఐస్ పెట్టే అర మాత్రం దండగ. రెండు గిన్నెల ఐసు ఇరవై నిమిషాల ముచ్చట.

మొదట్లో నేను చెప్పిన మాట విని మా చెల్లెలు కాకినాడలో ఇదే కూలర్ కొనుక్కుంది. వాళ్ళది మూడో అంతస్తు ఫ్లాటు, గాలి పోవడానికి ఒక్క కిటికీ. సముద్రం పక్కనే కాబట్టి తేమ అక్కడ ఇంకా ఎక్కువ. నెల తిరక్కుండా అది బాల్కనీలోకి వెళ్ళి, మీద బట్టలారేసే చోటైపోయింది. చెల్లెలు ఒక్క మాటా అనలేదు కానీ, దాని డబ్బు పోయింది నావల్లేనని నాకు ఉంది. పంపు ఆపి చూడమని చెప్పాను. ఆ కిటికీకి ఫ్యాను గాలి కూడా అంత ఆనదట.

మా ఇంట్లోనూ అంతా దీని మీదే నడుస్తోందని చెప్పను. మామయ్యగారికి ఆయాసం వచ్చాక తడిగాలి పడట్లేదు. గత వేసవిలో ఆయన పడుకునే ఉత్తరం గదికి చెక్క సీలింగు కొట్టించి చిన్న ఏసీ పెట్టించాం. ఎండ మరీ ఎక్కువైన రోజుల్లో పసిపిల్లలున్న వాళ్ళు కూడా ఆ గదిలోకే చేరుతున్నారు. పడమటింట్లో పదీ పన్నెండు మందికి మాత్రం ఇప్పటికీ ఈ కూలరే. కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద తిరుగుతుంది, తలుపులు తీసుకుని తిరిగే పిల్లలతో పేచీ లేదు.

మాలా మండువా ఇల్లో, రెండు పక్కలా తలుపులున్న ఇల్లో అయితే, పడమటి వైపు పెట్టుకునే వీలుంటే, మంచినీళ్ళు కాస్త దొరికితే తీసుకోండి. పంపు స్విచ్చు విడిగా ఉందో లేదో షాపులో వేయించి చూసుకోండి. రాత్రి నిద్ర కోసమే అయితే నేను తీసుకోమనను.

ఈ ఏడు ఇంకా కాలువలు కట్టలేదు. కట్టేలోగా రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు కొని నూతి నీళ్ళు నింపి మూతలు బిగించాలి. కొత్త పంపొకటి తెచ్చి అల్మరాలో ఉంచాను.