ఆరేళ్లు వాడిన ‘నేచురల్’ బ్లాక్ హెన్నా

రంగు విషయంలో ఈ పొడికి వంక పెట్టలేను, అది ముందే చెప్పేస్తాను. పది గ్రాముల సాచెట్, వనస్థలిపురంలో మా వీధి చివర కిరాణా కొట్టులోనే దొరికేది. నీళ్లలో కలిపి పట్టిస్తే అరగంటలో తల నల్లగా నిగనిగలాడేది. నెలకోసారి చొప్పున ఆరేళ్లు వాడాను. కవరు మీద పచ్చటి ఆకుల బొమ్మ, ‘నేచురల్’, ‘అమ్మోనియా లేదు’. మా ఆడపడుచుకి, ఆఫీసులో ఇద్దరికి నేనే అంటగట్టాను కూడా.

పోయిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం శుక్రవారమైతే, బుధవారం పెట్టుకున్నాను. ఆ రాత్రి చెవుల వెనక దురద. షాంపూ పడలేదేమో అనుకుని కొబ్బరినూనె రాసుకుని పడుకున్నా. మర్నాటికి నుదురు బరువెక్కింది. శుక్రవారం పొద్దున లేచేసరికి కుడి కన్ను తెరుచుకోలేదు. రెప్ప ఉబ్బి బుగ్గ మీదికి జారింది, చెవి తమ్మెల దగ్గర నీరు కారుతోంది. పేరంటాళ్లకి తాంబూలాలు మా అమ్మాయి చేత ఇప్పించి నేను లోపలి గదిలో కూర్చున్నాను. అది ఊరుకోక ఫొటో ఒకటి తీసింది.

“తలకి రంగు వేస్తారా?” అని అడిగారు స్కిన్ డాక్టరు. “లేదండీ, హెన్నా ఒక్కటే” అన్నాను. “ఆ కవరు తీసుకురండి” అన్నారావిడ.

కవరు వెనక, అతికించిన మడత పక్కన, బూడిద రంగులో చీమల్లాంటి అక్షరాలు. ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేస్తే గానీ కనబడలేదు: హెన్నా పొడి, బేరియం పెరాక్సైడ్, పారా ఫినైలిన్ డయమిన్, సిట్రిక్ యాసిడ్. మూడోదాన్నే పీపీడీ అంటారు. మామూలు నల్ల హెయిర్ డైలలో చాలావాటిలో ఉండేది అదే. నీళ్లు కలిపాక బేరియం పెరాక్సైడ్ దాన్ని నల్లగా మారుస్తుంది. యూరప్‌లో తలకి పట్టించే రంగులో పీపీడీ 2 శాతం దాటకూడదు, ఒంటి మీద రాసుకునే వాటిలో అసలు వాడకూడదు. అమ్మోనియా లేదన్నది నిజమే, ఉన్నదాని పేరే ముందువైపు లేదు. ముందుగా చర్మం మీద పరీక్షించుకోమన్న హెచ్చరికా అక్కడే ఉంది. ఆరేళ్లలో ఒక్కసారీ చదివిన పాపాన పోలేదు, ఆ తప్పు నాది.

అసలు నాకు సిగ్గేసింది వేరే సంగతికి. ఏటా ఆషాఢంలో గోరింటాకు రుబ్బుకునే ఇల్లు మాది. రాత్రంతా ఉంచుకున్నా ఎర్రగానే పండింది తప్ప ఎవరి చెయ్యైనా నల్లగా పండిందా? ఆకులో ఉండే లాసోన్ ఇచ్చేది ఆ ఎరుపే. మరి అరగంటలో ఈ నలుపు ఎక్కడి నుంచి ఊడిపడిందని నాకు తట్టనే లేదు.

వాపు తగ్గిన కొన్ని వారాలకి వీపు మీద ప్యాచ్ టెస్ట్ చేశారు, అంటే అనుమానమున్న పదార్థాలని గళ్ల అట్టల్లో పెట్టి అంటించి, ఏది పడదో చూడటం. రెండు రోజులు స్నానం లేదు, అక్టోబరు ఉక్కపోత. అట్టలు తీసేసరికి పీపీడీ గడి ఒక్కటే ఎర్రగా పొక్కి ఉంది. “ఇన్నేళ్లు పడింది కదండీ?” అంటే, ఒంటికి ఎన్నో వాడకాల తర్వాత కూడా పడకుండా పోవచ్చట, ఒకసారి మొదలైతే సాధారణంగా జీవితాంతం ఉంటుందట. పెళ్లిళ్లలో ఇట్టే నల్లగా పండే కోన్ల జోలికీ వెళ్లొద్దన్నారు. నొప్పి తెలియకుండా ఇచ్చే మత్తు మందుల్లో కొన్నిటికీ ఇదే తంటా రావచ్చు కాబట్టి ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు చెప్పమన్నారు.

ఇప్పుడు బేగం బజార్లో గోరింటాకు పొడి, నీలి ఆకు పొడి విడివిడిగా కొంటున్నాను. విడి పొడిలో కూడా ఏం కలుపుతారో నమ్మకం లేదు, అందుకే ప్రతి కొత్త పొట్లాన్నీ మోచేతి మడతలో కాస్త రాసి రెండు రోజులు చూస్తాను. ముందు గోరింటాకు, కడిగేశాక నీలి. ఆదివారం సగం దానికే పోతుంది, ఇల్లంతా పచ్చగడ్డి వాసన. మొదటి రోజు జుట్టు కొంచెం పచ్చగా కొడుతుంది, తర్వాత ముదురుతుంది. కణతల దగ్గర తెల్లవెంట్రుకలు మాత్రం మాట వినవు. పాత పొడి నిగనిగ దీనికి రాదు.

మా ఆడపడుచు ఇంకా ఆ సాచెట్లే వాడుతోంది. “నాకేం కాలేదు కదా వదినా” అంటుంది. మొన్న ఆ కన్ను ఫొటో పంపాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం లేదు.