విశాఖ చెమ్మగాలిలో పండ్ల ఒరుగులు: అయిదు పళ్ళేల డీహైడ్రేటర్‌తో ఒక ఏడాది

గత వేసవిలో ద్వారకానగర్‌లోని ఒక దుకాణంలో పండ్లను ఆరబెట్టే చిన్న విద్యుత్ యంత్రం కొన్నాను. గుండ్రంగా, ఒకదానిపై ఒకటి అమర్చే అయిదు ప్లాస్టిక్ జల్లెడ పళ్ళేలు, అడుగున ఒక ఫ్యాను, దాని కింద వేడిచేసే తీగ, వేడిని 35 నుంచి 70 డిగ్రీల వరకు మార్చుకునే మర, ఇంతే దాని నిర్మాణం. ఒక మామిడి కాలం, ఒక వానాకాలం, ఒక శీతకాలం దానితో పనిచేసిన తరువాత, విశాఖపట్నంలో ఇంట్లోనే పండ్ల ఒరుగులు చేసుకోవాలనుకునేవారికి అది ఎంతవరకు ఉపయోగపడుతుందో వివరంగా చెప్పాలనిపించింది.

ఇంత ఎండ ఉన్న ఊళ్ళో యంత్రమెందుకని మా ఇంటికి వచ్చినవారందరూ అడిగారు. అడగవలసిన ప్రశ్నే. తెలుగులో ఎండటం వేరు, ఆరటం వేరు; మొదటిదానికి ఎండ కావాలి, రెండవదానికి పొడిగాలి కావాలి. మన ఊళ్ళో మొదటిదానికి లోటు లేదు, రెండవదే దొరకదు. మే నెలలో మేడమీద నిలబడితే ఒళ్ళు మాడుతుంది, కాని చెమట మాత్రం ఆరదు. చెమటను ఆరనివ్వని సముద్రపు గాలి మామిడి ముక్కను కూడా ఆరనివ్వదు. పండ్లను ఆరుబయట ఎండబెట్టాలంటే గాలిలో తేమ 60 శాతానికి లోపు ఉండాలని ఆహార నిల్వ శాస్త్రం చెబుతుంది. తీరాన ఉన్న మనకు ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ అంతకు మించే ఉంటుంది. ఎంవీపీ కాలనీలోని మా డాబామీద నేను రెండు వేసవులు పల్చటి గుడ్డ కప్పి అనాస ముక్కలు పెట్టాను. పగలంతా కాస్త ముడుచుకున్న ముక్కలు రాత్రికి మళ్ళీ మెత్తబడేవి, మూడవ రోజుకు పుల్లటి వాసన వచ్చేది.

యంత్రం చేసే మేలు ఇక్కడే అర్థమవుతుంది. 30 డిగ్రీల వేడిలో 75 శాతం తేమ ఉన్న గాలిని 60 డిగ్రీలకు వేడిచేస్తే, అందులోని నీటి ఆవిరి అంతే ఉన్నా, ఆ గాలి సాపేక్ష తేమ, అంటే ఆ వేడిలో గాలి పట్టగలిగే ఆవిరిలో నిజంగా ఉన్న వంతు, సుమారు 16 శాతానికి పడిపోతుంది. అంటే తీరపు గాలినే తీసుకుని దాన్ని ఎడారి గాలిగా మార్చి ముక్కల మధ్య నుంచి పంపుతుందన్నమాట. ఆగస్టులో, బయట ముసురు పట్టి బట్టలు కూడా ఆరని మూడు రోజులలో, మా వంటింటి మూలన అరటి ముక్కలు పదకొండు గంటలలో చక్కగా ఆరాయి. ఈ ఒక్క కారణంతోనే నేను పెట్టిన డబ్బుకు న్యాయం జరిగిందనుకుంటున్నాను.

అన్నిటికన్నా బాగా కుదిరింది అనాస. సీతంపేట, పాడేరు ఏజెన్సీల నుంచి వచ్చే అనాస పండ్లు రైతుబజారులో గుట్టలుగా పోసి ఉన్నప్పుడు నాలుగైదు తెచ్చి, తొక్క, కళ్ళు, మధ్యనున్న గట్టి కాడ తీసేసి, అర సెంటీమీటరు మందాన కోసి, 57 డిగ్రీల దగ్గర పెడతాను. పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు పడుతుంది. శుభ్రం చేసిన కిలో ముక్కలకు ఆరిన తరువాత నూట ఎనభై గ్రాములకు అటూ ఇటూగా వస్తుంది. పండులో 86 శాతం నీరే కనుక అంతకన్నా ఆశించకూడదు. బజారులో అమ్మే పసుపుపచ్చని అనాస ముక్కలు చాలామటుకు పంచదార పాకంలో ఊరినవి, రంగు నిలవడానికి గంధకపు ఆవిరి తగిలినవి. ఇంట్లో చేసినవి గోధుమ రంగుకు తిరుగుతాయి, పులుపు నాలుకకు గట్టిగా తగులుతుంది, తీపి దాని వెనుక నెమ్మదిగా వస్తుంది. మా ఇంట్లో పిల్లలు మొదట రంగు చూసి వద్దన్నారు. ఇప్పుడు సీసా ఎక్కడ దాచాలన్నదే నా సమస్య.

అరటి విషయంలో రకాన్ని బట్టి ఫలితం మారుతుంది. చక్కెరకేళి మరీ మెత్తన కావడంతో జల్లెడకు అంటుకుని ఊడిరాలేదు. కర్పూరం, తొక్క మీద మచ్చలు అప్పుడప్పుడే మొదలవుతున్న దశలో కోస్తే, బాగా వస్తుంది. ముక్కలను నిమ్మరసం కలిపిన నీళ్ళలో అయిదు నిమిషాలు ఉంచితే నల్లబడటం తగ్గుతుంది. సపోటా నన్ను ఆశ్చర్యపరిచింది. ఆరిన తరువాత దాని రుచి ఖర్జూరానికి చాలా దగ్గరగా ఉంటుంది. పనస తొనలు కూడా చక్కగా ఆరుతాయి, కాని రెండు రోజులపాటు ఇల్లంతా ఆ వాసనే నిండి ఉంటుంది; పనస ఇష్టం లేనివారు ఇంట్లో ఉంటే ఆ పని పెట్టుకోవద్దు. లంబసింగి నుంచి చలికాలంలో వచ్చే స్ట్రాబెర్రీలు ఆరితే చాలా రుచిగా ఉన్నా, వాటి ధరకు అలా ఆరబెట్టడం ఏడాదికి ఒకసారి చేసుకునే ముచ్చట మాత్రమే. పుచ్చకాయ జోలికి పోనవసరం లేదు.

ఇక తాండ్ర. నిజానికి యంత్రం కొన్నది దీనికోసమే. సువర్ణరేఖ మామిడి గుజ్జును వడగట్టి, యంత్రంతోపాటు ఇచ్చిన పలకమీద పల్చగా పరిచి, త్వరగా అవుతుందన్న ఆశతో వేడిని 70కి పెట్టాను. పొద్దున్న చూస్తే అంచులు పెళుసుగా, పైన గట్టి పొరతో, మధ్యలో పచ్చిగా ఉంది. మా అత్తగారు ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని కాసేపు నమిలి, "ఇది తాండ్ర కాదమ్మా, తోలు" అన్నారు. ఆవిడ పుట్టిల్లు విజయనగరం జిల్లాలోని భీమాళి వైపు. అక్కడ వేసవి వచ్చిందంటే చాపలమీద మామిడి రసాన్ని పొరమీద పొరగా పోస్తూ, ఒక పొర ఆరాకనే మరొకటి వేస్తూ, రోజుల తరబడి ఎండబెడతారు. వేడి ఎక్కువైతే పైభాగం ముందుగా బిగుసుకుపోయి లోపలి నీటికి దారి మూసేస్తుందని నాకు తరువాత తెలిసింది. 58 డిగ్రీల దగ్గర, మూడు మిల్లీమీటర్ల మందం మించకుండా, ఏడెనిమిది గంటలు ఉంచితే చుట్టగా చుట్టుకునే పల్చని తాండ్ర వస్తుంది, పిల్లల డబ్బాలో పెట్టడానికి అది చాలా బాగుంటుంది. అయినా భీమాళి తాండ్రలోని ఆ చిక్కదనం, ఎండలో నెమ్మదిగా ముదిరిన ఆ రుచి, దీనిలో రావు. ఆ తాండ్ర తినాలనిపిస్తే ఇప్పటికీ భీమాళిదే కొంటాను.

యంత్రంలో లోపాలు లేకపోలేదు. ఫ్యాను అడుగున ఉండటంవల్ల కింది పళ్ళెంలోని ముక్కలు పైవాటికన్నా మూడు నాలుగు గంటల ముందే ఆరిపోతాయి. రెండు గంటలకొకసారి పళ్ళేలను పైకీ కిందికీ మార్చకపోతే ఒకే దఫాలో కొన్ని మాడినట్లూ కొన్ని పచ్చిగానూ వస్తాయి. పైపళ్ళెంలోని రసం కింది పళ్ళేలమీద కారుతుంది కనుక అనాసను, అరటిని ఒకేసారి పెట్టడం వీలుకాదు. మరమీద 60 అని ఉన్నచోట పెట్టి ఓవెన్ థర్మామీటరుతో చూస్తే కింది పళ్ళెంలో 66 చూపింది. అందుకే నేను ఎప్పుడూ ఒక మెట్టు తగ్గించే పెడతాను. పైన నేను రాసిన 57, 58 డిగ్రీలు ఆ థర్మామీటరు చూపినవే, మరమీద ఉన్నవి కావు. ఒక పళ్ళెం అంచు విరిగితే, విడిగా పళ్ళెం దొరకదని అమ్మిన దుకాణంవారు చెప్పేశారు. వస్తువు కొనేముందే విడిభాగాల సంగతి అడగవలసిందని అప్పుడు తెలిసింది. చప్పుడు టేబుల్ ఫ్యాను చప్పుడంత ఉంటుంది, పడకగది పక్కన పెట్టకండి. కరెంటు ఖర్చు నేను భయపడినంత లేదు. ఇది 350 వాట్ల యంత్రం, పది గంటలు ఆపకుండా నడిచినా మూడున్నర యూనిట్లకు మించదు. అయితే మధ్యలో కరెంటు పోయి గంట దాటితే మూత తీసి, ముక్కలను ఫ్రిజ్‌లో పెట్టేయాలి. వెచ్చగా, చెమ్మగా, గాలి ఆడకుండా ఉన్న పెట్టెలో పండు పులియడానికి ఎక్కువ సేపు పట్టదు.

కొత్తగా మొదలుపెట్టినవారు పొరబడేది ఆరిందా లేదా అని తేల్చుకోవడంలో. వేడిగా ఉన్నప్పుడు ఏ ముక్కైనా మెత్తగానే అనిపిస్తుంది. ఒకటి బయటకు తీసి, పూర్తిగా చల్లారనిచ్చి, మధ్యకు చింపి, చింపిన అంచును వేళ్ళతో గట్టిగా నొక్కాలి. అంచున సన్నటి తడి మెరిస్తే ఇంకా గంటో రెండు గంటలో కావాలి. మడిస్తే తనకు తాను అంటుకోకుండా, విరగకుండా వంగితే తీసేయవచ్చు. ఆ తరువాత కూడా పని పూర్తికాలేదు. ముక్కలన్నీ ఒకే మందాన ఉండవు గనుక, గాజుసీసాలో మూడింట రెండు వంతులు మాత్రమే నింపి, మూత బిగించి, వారం పది రోజులు రోజుకొకసారి కుదపాలి. ఎక్కువ తడి ఉన్న ముక్కలనుంచి తక్కువ ఉన్నవాటికి అది సర్దుకుంటుంది. రెండవ రోజు పొద్దున్న సీసా లోపలి గోడమీద మంచు పట్టినట్లు సన్నని బిందువులు కనిపిస్తే, సంకోచించకుండా అన్నిటినీ మళ్ళీ యంత్రంలో పెట్టాలి. మొదటి నెలలో ఆ బిందువులను చూసి కూడా పట్టించుకోక ఒక పెద్ద సీసాడు సపోటా ముక్కలు బూజుకు పోగొట్టుకున్నాను. ఒక చుట్టం తోటనుంచి పంపిన పండ్లు అవి. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మన ఊళ్ళో పెద్ద సీసా వాడటమే తప్పు. మూత తీసిన ప్రతిసారీ చెమ్మగాలి లోపలికి పోతుంది కనుక, వారానికి సరిపడే చిన్న సీసాలలో సర్ది, వాడేదొక్కటే బయట ఉంచి, మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మేలు. ఇంకొక మాట. నీరు పోయినంతమాత్రాన చక్కెర పోదు. గుప్పెడు అరటి ఒరుగులంటే రెండు మూడు పండ్లు. మధుమేహం ఉన్న మా మామగారికి నేను నాలుగు ముక్కలు లెక్కపెట్టి ఇస్తాను.

నెలకు ఒకటి రెండుసార్లు కూడా వాడనివారికి ఇది అటకెక్కే వస్తువే అవుతుంది, వారు కొనకపోవడమే మంచిది. పండ్లు చవకగా దొరికిన రోజున ఎక్కువ తెచ్చి, ఒక పూట కూర్చుని కోసే ఓపిక ఉన్నవారికి మాత్రం నిస్సంకోచంగా కొనమంటాను; కాకపోతే అడుగున కాక వెనుకవైపు ఫ్యాను ఉన్న రకం తీసుకోండి. దాని ధర ఎక్కువే, కాని గాలి అన్ని పళ్ళేలకూ సమానంగా అందుతుంది, రాత్రి లేచి పళ్ళేలు మార్చే పని తప్పుతుంది. నా యంత్రం పాడైన రోజున నేను కొనబోయేది అదే.