ఆఫీసు నెట్: సైట్లు బ్లాక్ చేయాలా, గెస్ట్ వైఫై ఇవ్వాలా?

శ్రీకాకుళంలో పదిహేను మంది పనిచేసే ఆఫీసే అనుకోండి. ఉద్యోగులు సొంత పనికి నెట్ తెరిచేది సరదాకే కాదు. తత్కాల్ టికెట్లు ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కి 11కి మొదలవుతాయి. బ్యాంకు పని, పిల్లల ఫీజు కూడా డ్యూటీ వేళల్లోనే పడతాయి.

బ్లాక్ చేయడానికి పెద్ద ఖర్చుండదు, రౌటర్‌లో డీఎన్‌ఎస్ ఫిల్టర్ (సైట్ పేరు చూసి ఆపేసే జల్లెడ) పెడితే సరి. కానీ బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ (సైట్ పేర్లని రౌటర్‌ని కాకుండా నేరుగా బయటి సర్వర్‌ని అడిగే సెట్టింగ్) ఆన్ చేస్తే దాన్ని దాటేయొచ్చు. అంతకన్నా ప్రమాదం, ఆఫీసు కంప్యూటర్‌కే ఫోన్ హాట్‌స్పాట్ కలపడం. అప్పుడు అకౌంట్ల ఫైళ్లున్న మెషీన్‌కి ఆఫీసు ఫైర్‌వాల్ కాపలా ఉండదు.

అందుకే గెస్ట్ వైఫై (ఆఫీసు నెట్‌వర్క్‌తో కలవకుండా ఫోన్లకి విడిగా ఇచ్చే వైఫై) మేలు: సొంత పని సొంత ఫోన్‌లోనే అయిపోతుంది. 100 ఎంబీపీఎస్ లైన్లో దానికి 20 ఇస్తే చాలు. పరిమితి పెట్టకపోతే వీడియో డౌన్‌లోడ్లకి బిల్లింగ్ నెమ్మదిస్తుంది. ఒకచోట మాత్రం చాలామంది దెబ్బతింటారు. ఫైబర్ మోడెమ్ వెనక రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (సొంత నెట్‌వర్క్ లేకుండా మోడెమ్ నెట్‌వర్క్‌నే వైఫైగా పంచే పద్ధతి) పెడితే, చాలా మోడళ్లలో గెస్ట్ ఫోన్లకి ఆఫీసు నెట్‌వర్క్ కూడా కనిపిస్తుంది. గెస్ట్‌కి కలిపిన ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, ఆఫీసు ప్రింటర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) కొట్టి చూడండి. పేజీ తెరుచుకుంటే రౌటర్ మోడ్‌కి (రౌటర్ తన సొంత నెట్‌వర్క్ నడిపే పద్ధతి) మార్చి, కంప్యూటర్లన్నీ మోడెమ్‌కి కాకుండా ఆ రౌటర్‌కే కలపాలి.