థ్యాంక్స్‌గివింగ్ వంట: నిండు టర్కీయా, తొడముక్కల బిర్యానీయా, క్రాన్‌బెర్రీ పప్పన్నమా?

అమెరికాలో టర్కీ కోడిని వండుకుని కృతజ్ఞతలు చెప్పుకునే థ్యాంక్స్‌గివింగ్ పండగ ఏటా గురువారమే వస్తుంది. 1863లో అధ్యక్షుడు లింకన్ నవంబరు ఆఖరి గురువారం అని ప్రకటించాడు. 1939లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ క్రిస్మస్ బేరాలకి ఇంకాస్త వ్యవధి దొరుకుతుందని దాన్ని ఒక వారం ముందుకి జరిపితే రాష్ట్రాలు రెండుగా చీలి కొన్నిచోట్ల పాత గురువారం, కొన్నిచోట్ల కొత్త గురువారం చేసుకున్నాయి. చివరికి 1941లో చట్టం చేసి నాలుగో గురువారాన్ని ఖాయం చేశారు. ఇంత తర్జనభర్జన పడ్డవాళ్లు ఒక్క తెలుగు అత్తగారిని అడిగినా సరిపోయేది. "గురువారం పూట నీచేమిటర్రా?" అని ఒక్కమాటలో తేల్చేసేది.

పోనీ వారంతో గొడవ తీరుతుందా అంటే, మాసం కూడా అడ్డమే. 2023లో ఈ పండగ నవంబరు 23న వచ్చింది. కార్తీకమాసం, పైగా శుద్ధ ఏకాదశి. 2024లో 28న, అప్పుడూ కార్తీకమే. 2025లో 27న వచ్చేసరికి కార్తీకం వెళ్లిపోయిందని మావారు సంబరపడ్డారు. అత్తయ్యగారు క్యాలెండర్ చూసి, మార్గశిరమాసం మొదటి లక్ష్మివారం అన్నారు. ఆవిడది విశాఖపట్నం. మార్గశిర లక్ష్మివారం అంటే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి పాలు, పసుపునీళ్లు పొయ్యడానికి తెల్లవారకముందే క్యూలో నిలబడ్డ మనిషి. ఆవిడ ముందు టర్కీ మాట ఎలా ఎత్తుతాం?

న్యూజెర్సీలో మాది ఒకటే ఓవెన్ ఉన్న ఇల్లు. ఈ పండక్కి మూడు రకాలుగానూ వండి చూశాను కాబట్టి ఏది ఎవరికి నప్పుతుందో నాకు తోచినది చెబుతాను.

నిండు టర్కీ

అత్తయ్యగారు రాని ఏడాది ముచ్చటపడి పద్నాలుగు పౌన్ల పక్షిని తెచ్చాం. అమెరికా వ్యవసాయశాఖ వాళ్ల లెక్క ప్రకారం గడ్డకట్టిన టర్కీ ఫ్రిజ్‌లో కరగాలంటే ప్రతి నాలుగైదు పౌన్లకీ ఒక పూర్తి రోజు కావాలి. అంటే మా పక్షికి మూడు రోజుల పైమాటే. నేను మంగళవారం రాత్రి ఫ్రీజర్లోంచి తీశాను. గురువారం పొద్దున్న చెయ్యి పెడితే లోపల ఐసుగడ్డ. చన్నీళ్లలో ముంచి అరగంటకోసారి నీళ్లు మార్చుకోవచ్చు, పౌనుకి అరగంట పడుతుంది. ఇంటిల్లిపాదీ టీవీలో న్యూయార్క్ పెరేడ్ చూస్తుంటే నేను సింకు దగ్గర కాపలా కాశాను.

తర్వాతి పేచీ కడగడం. కోడైనా చేపైనా ఉప్పూ పసుపూ వేసి నాలుగు నీళ్లు మారిస్తే గాని మన మనసొప్పదు. ఇక్కడి అధికారులు మాత్రం కడగనే కడగొద్దంటారు. నీళ్లు చింది సూక్ష్మజీవులు సింకంతా పాకుతాయనీ, వాటిని చంపేది వేడేననీ వాళ్ల వాదన. నేనిప్పుడు కడగను. తడి కాగితంతో తుడిచి ఊరుకుంటాను. మా అమ్మకి మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

పొట్టలో, మెడ దగ్గర కాగితం పొట్లాలుంటాయి, కందనకాయా కార్జమూ అందులోనే పెట్టి అమ్ముతారు. తియ్యడం మరిచిపోయేవాళ్లలో మొదటిదాన్ని నేను కాను, ఆఖరిదాన్నీ కాను.

మసాలా సంగతి అంతకన్నా నిరాశ. రాత్రంతా పెరుగూ అల్లంవెల్లుల్లీ కారమూ పట్టించినా ఆ మందపాటి రొమ్ముకండ లోపలికి ఏమీ దిగదు. పైతోలు కబాబులా ఘుమఘుమలాడుతుంది, లోపల చప్పగా ఉంటుంది. 325 డిగ్రీల ఫారన్‌హీట్‌లో పన్నెండు పద్నాలుగు పౌన్ల పక్షి మూడు నుంచి మూడు ముప్పావు గంటలు కాలాలి. మాంసం లోపల 165 డిగ్రీలు చేరితేనే తినదగింది. అయితే తొడ ఇంకాస్త వేడెక్కితేనే మెత్తబడుతుంది, రొమ్ము అప్పటికే పీచుపీచవుతుంది. ఒకే పక్షిలో ఇద్దరు అత్తాకోడళ్లన్నమాట.

నిండు పక్షే కావాలంటే వెన్నెముక కత్తిరించి, రొమ్ము మీద గట్టిగా నొక్కి, పుస్తకంలా తెరిచి ట్రేలో పరచండి. 450 డిగ్రీల్లో గంటన్నరకి అటూ ఇటూగా అయిపోతుంది, తొడా రొమ్మూ దాదాపు ఒకేసారి ఉడుకుతాయి. పళ్లెంలో పెట్టుకుని ఫొటో దిగడానికి మాత్రం పనికిరాదు. కొనేటప్పుడు ముందే ఉప్పునీరు ఎక్కించిన రకమేమో అట్ట మీద చూడండి. అలాంటిదాన్ని మళ్లీ ఉప్పులో ఊరబెడితే నోట పెట్టలేం.

ఆఫీసులో అమెరికన్ స్నేహితుల్ని పిలిచి, పది పన్నెండుమంది మాంసం తినేవాళ్లుంటే నిండు టర్కీకి ఓటు వెయ్యొచ్చు. మనవాళ్లు మాత్రమే అయితే ఇంత శ్రమా ఆ చప్పిడి ముక్క కోసమా అనిపిస్తుంది.

తొడముక్కల బిర్యానీ

టర్కీ తొడలు విడిగా అమ్ముతారు. దొరక్కపోతే మాంసం కొట్టులో అడిగి పక్షిని కూరముక్కలు కొట్టించుకోవచ్చు. కాళ్లు వద్దు, వాటిలో గట్టి నరాలుంటాయి. తొడమాంసం మేకమాంసంలా నిదానంగా మెత్తబడే రకం. పెరుగులో రాత్రంతా నానబెట్టి, సన్నని సెగ మీద గంటన్నర పైనే ముందు కూరలా ఉడికించి, ఆ తర్వాతే బియ్యంతో దమ్ము వెయ్యండి. పచ్చిమాంసంతో వేస్తే బియ్యం చితికిపోతుంది గాని ముక్క లొంగదు. మసాలా ఎముక దాకా పడుతుంది. ఓవెన్ ఖాళీగా ఉంటుంది కాబట్టి ఇంకెవరికేం కావాలన్నా అందులో చేసుకోవచ్చు. రుచి ఒక్కటే చూస్తే నా ఓటు దీనికే.

మరి ఏ రోజు? మావారు శుక్రవారం అన్నారు. అమ్మవారి వారం. శనివారం? వెంకన్న వారం. చివరికి ఆదివారానికి ఒప్పందం కుదిరింది. ఒకరకంగా అదే మేలైంది. బుధవారం ఫ్రీజర్లోంచి తీస్తే పన్నెండు పౌన్ల పక్షి సరిగ్గా శనివారానికి కరుగుతుంది, ఆ రాత్రి పెరుగులో నానబెట్టొచ్చు. అత్తయ్యగారి కంటపడకుండా గ్యారేజీ ఫ్రిజ్‌లో కరిగించామనుకోండి.

క్రాన్‌బెర్రీ పప్పన్నం

టర్కీ లేని థ్యాంక్స్‌గివింగ్ ఏమిటని పిల్లలు మొహం మాడ్చుకుంటే చెప్పడానికి ఒక సంగతి ఉంది. 1621లో మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో ఇంగ్లండు నుంచి వచ్చిన వలసవాళ్లూ అక్కడి మూలవాసులైన వాంపనోగ్‌లూ కలిసి మూడు రోజులు తిన్న విందు గురించి ఆ వలసవాళ్లలో ఒకడైన ఎడ్వర్డ్ విన్స్‌లో అనే ఆయన రాసిన ఉత్తరంలో వేటాడి తెచ్చిన పక్షులున్నాయి, వాంపనోగ్‌లు తెచ్చిన అయిదు జింకలున్నాయి. టర్కీ పేరు లేదు. ఆ వలసవాళ్లకి మొక్కజొన్న సాగు నేర్పిందీ ఇక్కడివాళ్లే. తర్వాత ఆ నేర్పినవాళ్లకి మిగిలిందేమిటో తెలిసిందే. 1970 నుంచి ఇదే గురువారం ప్లిమత్‌లో మూలవాసులు సంతాపదినం పాటిస్తున్నారు. మా పెద్దది బడిలో ఈకల టోపీ చేసుకొచ్చిన ఏడాది నేనీ మాట చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు.

క్రాన్‌బెర్రీ అనే చిన్న ఎర్రటి పుల్లపండు కూడా ఈ నేలదే. అమెరికన్లు దాన్ని పంచదార పాకంలో ముంచి టర్కీ పక్కన పెట్టుకుంటారు. ఇక్కడి తెలుగువాళ్లకి మాత్రం ఆ పులుపు చూడగానే పప్పు గుర్తొచ్చింది. గ్లాసు కందిపప్పుకి గ్లాసు పండ్లు. పులుపు తగిలితే పప్పు ఉడకదు కాబట్టి పప్పుని విడిగా ఉడికించి, పండ్లని పచ్చిమిర్చితో టపటపా పగిలేదాకా మగ్గించి కలపాలి. కాస్త వగరు ఉంటుంది, చిటికెడు బెల్లంతో సర్దుకుంటుంది. ఇంగువ, మెంతుల తాలింపు. మామిడికాయ పప్పుకి సాటి అనను, చింతకాయ పప్పుకి మాత్రం తీసిపోదు. మిగిలిన పండ్లతో పులిహోర.

దీంతోపాటు బటర్‌నట్ గుమ్మడితో దప్పళం, బీన్స్ కొబ్బరి కూర, పూర్ణం బూరెలు. ఇక్కడివాళ్లు ఓవెన్‌లో కాల్చే బీన్స్ క్యాసరోల్ 1955లో క్యాంబెల్ సూప్ కంపెనీ వంటగదిలో పుట్టింది, పుట్టగొడుగుల సూప్ డబ్బా అమ్ముకోవడానికి. దాని పైన చల్లే వేయించిన ఉల్లిపాయలు నాకిష్టమే, ఆ కింద ఉన్నది కాదు.

శాకాహారులకి అసలు చిక్కు టర్కీతో కాదు, అది కంటికి కనిపిస్తుంది. కనిపించనివాటితోనే. స్టఫింగ్ అనే రొట్టెముక్కల వంటకం మిక్సుల్లో చాలావాటిలో చికెన్ రసం ఉంటుంది. చిలగడదుంపల మీద కాల్చే మార్ష్‌మెల్లో మిఠాయిలో జంతువుల తోలూ ఎముకల నుంచి తీసే జెలటిన్. గ్రేవీ టర్కీ కొవ్వుతో చేసిందే. గుమ్మడికాయతో చేసే 'పై' అనే తీపి వంటకంలో గుడ్లు. అమ్మానాన్నల్ని అమెరికన్ల ఇంటికి భోజనానికి తీసుకెళుతుంటే ఈ నాలుగూ ముందే కనుక్కోండి. చేత్తో ఏం పట్టుకెళ్లాలంటే పులిహోరే. వేడిచెయ్యక్కర్లేదు, ఆ రోజు ఎవరింట్లోనూ ఓవెన్ ఖాళీ ఉండదు. కాలేజీ మెస్సులు మూసేస్తే ప్రొఫెసర్ల ఇళ్లకి వెళ్లే కుర్రాళ్లకీ ఇదే నా సలహా.

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇది: పండగనాడు పప్పన్నం, కార్తీకం దాటిన ఏడాది అయితే ఆ ఆదివారం బిర్యానీ. మూడు నాలుగు గంటలు ఓవెన్‌కి కాపలా తప్పింది గనక గురువారం నేనూ అందరితోపాటు కూచుని వేడన్నం తింటున్నాను.

కృతజ్ఞతలు చెప్పుకోవడంలోనూ రెండు పద్ధతులు చూశాం. బల్ల చుట్టూ ఒక్కొక్కరూ చెప్పడం మనవాళ్లకి నప్పదు. కన్నవాళ్లకీ కట్టుకున్నవాళ్లకీ మొహాన థ్యాంక్స్ చెప్పే అలవాటు మనకి లేదు. అత్తయ్యగారి వంతు వస్తే "ఏముందమ్మా, అందరం చల్లగా ఉన్నాం, పప్పు వడ్డించు" అనేశారు. చీటీల మీద రాసి గిన్నెలో వేసి, ఎవరిదో చెప్పకుండా చదవడం మేలు. మొన్న ఒక చీటీలో "నాన్నమ్మ ఆరు నెలలు ఉంటుంది, అయినా చాలదు" అని ఉంది. ఇంకోదాన్లో తెలుగులో, వంకర అక్షరాలు కావు, నిండైన పాతకాలపు దస్తూరీ: "కోడలు నా కోసం టర్కీ మానేసింది. గ్యారేజీలో ఉన్నది నేను చూడలేదు."

2026లో పండగ నవంబరు 26న. మళ్లీ కార్తీకమే. బిర్యానీ డిసెంబరు రెండో వారం దాటాకే.