అమ్మ జబ్బకి పెట్టించిన షుగర్ సెన్సర్: రెండు వాడాక నా రివ్యూ

కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం రాస్తున్నా కాబట్టి ముందే చెప్పేస్తా, జబ్బకి అతికిస్తే రెండు వారాలు రాత్రీ పగలూ షుగర్ చూపించే ఈ సెన్సర్ కొనండి, కానీ టైప్ 2 షుగర్‌కి టాబ్లెట్లు మాత్రమే వాడేవాళ్లయితే ఏడాది పొడుగునా అక్కర్లేదు, ఒకటో రెండో చాలు, అది కూడా దాని రిపోర్ట్ ముందు పెట్టుకుని ఓపిగ్గా చెప్పే డాక్టర్ ఉంటేనే. కంపెనీ పేరు రాయట్లేదు, వాళ్ల కస్టమర్ కేర్‌తో నాకు చిన్న గొడవ అయింది, అది కింద చెప్తా.

అమ్మకి 64 ఏళ్లు, బరువు 52 కిలోలు, షుగర్ వచ్చి పదకొండేళ్లు. ఇంత సన్నగా ఉన్నావు నీకు షుగరేంటి అని చుట్టాలందరూ అడుగుతారు. మనవాళ్లలో ఇది మామూలే అట, పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ గారి టీమ్ పుట్టిన పిల్లల్నే కొలిచి చూశారు, మన పిల్లలు బ్రిటన్ పిల్లల కంటే తక్కువ బరువుతో పుట్టినా కొవ్వు మాత్రం అంతగా తగ్గట్లేదు, తగ్గేది కండ. అందుకే అద్దంలో సన్నగా కనపడినంత మాత్రాన లోపల అంతా బావున్నట్టు కాదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) సర్వే లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది అంచు మీద ఉన్నారు.

మా ఇంట్లో అసలు సమస్య పరగడుపు షుగర్. రాత్రి రెండు పుల్కాలు, బీరకాయ కూర తిని పడుకుంటుంది, పొద్దున్నే వేలికి గుచ్చి చూస్తే 160, 165. మూడు నెలల సగటు చెప్పే టెస్ట్ (హెచ్‌బీఏ1సీ) 7.8. నేనేం తినలేదే అని అమ్మ అంటుంది, నేను నమ్మలేదు. నిజం చెప్తున్నా, సంక్రాంతికి చేసిన సున్నుండల స్టీలు డబ్బా రాత్రి పడుకునే ముందు మూత తీసి లెక్కపెట్టేదాన్ని, పొద్దున మళ్లీ లెక్కపెట్టేదాన్ని. ఒకరోజు రెండు తగ్గాయి. అమ్మని అడిగేశా, మా అబ్బాయి ముందే అడిగేశా. ఆవిడ ఏం మాట్లాడలేదు, లేచి వరండాలోకి వెళ్లి కూర్చుంది. ఆ రెండూ తిన్నది మా అబ్బాయే, సాయంత్రానికి వాడే చెప్పాడు.

అప్పుడు డాక్టర్ మేడమ్ ఈ సెన్సర్ రాశారు. పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది, జబ్బ వెనక స్పిరిట్‌తో తుడిచి అప్లికేటర్ ఆనించి నొక్కితే టక్‌మని అతుక్కుపోతుంది. అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని అయిపోయిందా అని అడిగింది, అప్పటికే అయిపోయింది. లోపల ఉండిపోయేది సూది కాదు, అర సెంటీమీటర్ పొడవున్న వెంట్రుకలాంటి మెత్తటి తీగ, దాని మీద పూసిన ఎంజైమ్ గ్లూకోజ్‌తో కలిసినప్పుడు పుట్టే చిన్న కరెంటుని కొలుస్తుంది. మొదటి గంట ఏమీ చూపించదు, మొదటి రోజు రీడింగ్స్‌ని కూడా పెద్దగా పట్టించుకోవద్దన్నారు. ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి, ఇది కొలిచేది రక్తంలో షుగర్ కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో షుగర్, అందుకని రక్తం కంటే ఐదు పది నిమిషాలు వెనకబడి ఉంటుంది, భోజనం చేసిన అరగంటకి గ్లూకోమీటర్‌తో పోల్చి తేడా వచ్చిందని కంగారుపడకండి.

మూడో రోజు పొద్దున గ్రాఫ్ తీసి చూశా. రాత్రి పదకొండుకి 131, రెండింటికి 120, మూడున్నరకి 118. గీత అలా నేల మీద పరిచినట్టు ఉంది. నాలుగు దాటిన దగ్గర్నుంచి మెల్లగా లేచింది, ఐదుకి 134, ఆరుకి 151, ఏడుకి 163. ఆ టైమంతా అమ్మ నా పక్క మంచం మీదే నిద్రపోతోంది, నేను చూశాను. నాలుగో రోజు అదే, ఐదో రోజు అదే. నేను ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి అమ్మకి చూపించి సారీ చెప్పా. చూడటానికి కళ్లజోడు కావాలంది, పెట్టుకుని ఆ గీతని వేలితో కింద నుంచి పైదాకా తడిమి, మరి ఇదెక్కడ్నుంచి వచ్చిందే తల్లీ అంది.

లివర్ నుంచి. మేడమ్ కాగితం మీద బొమ్మ వేసి చెప్పారు. రాత్రి మనం తినని టైమ్‌లో మెదడు ఆగిపోకుండా లివర్ దాచుకున్న షుగర్‌ని కొంచెం కొంచెంగా వదుల్తూ ఉంటుంది, తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరిగి ఇంకాస్త ఎక్కువ వదలమంటాయి, షుగర్ లేనివాళ్లలో ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్ గ్రంథి వెంటనే కాస్త ఇన్సులిన్ పంపి చాల్లే ఆపు అని లివర్‌కి చెప్తుంది. అమ్మకి పంపే ఇన్సులిన్ తక్కువ, పంపింది కూడా లివర్ సరిగ్గా వినదు. ఇన్నాళ్లూ షుగర్ అంటే తిండి నుంచి వచ్చేదే అనుకున్నా నేను, ఒళ్లే తయారుచేస్తుందని పదకొండేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ టాబ్లెట్ పనిచేసేది కూడా ముఖ్యంగా ఈ లివర్ మీదే అట. 2008లో డీఫ్రాంజో అనే అమెరికా డాక్టర్ ఒక లెక్చర్‌లో టైప్ 2లో తేడా చేసేవి ఎనిమిది అని లెక్క చెప్పారు, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు, షుగర్‌ని పెంచే గ్లూకగాన్ హార్మోన్ తయారుచేసే ఆల్ఫా కణాలు, లివర్, కండరాలు, కొవ్వు, పేగులు, కిడ్నీలు, మెదడు. ఇందులో సున్నుండల డబ్బా లేదు.

సెన్సర్‌తో పాటు సి-పెప్టైడ్ టెస్ట్ కూడా రాశారు, దీని గురించి కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే చాలామందికి దీని పేరే తెలీదు. ఇన్సులిన్ నేరుగా ఇన్సులిన్‌గా పుట్టదు, ముందు ప్రోఇన్సులిన్ అని పొడుగ్గా ఒక గొలుసు తయారవుతుంది, అందులో మధ్య ముక్క తెగిపోతే మిగిలిన రెండు కొసలు కలిసి ఉన్నదే ఇన్సులిన్, ఆ తెగిన ముక్కే సి-పెప్టైడ్. 1967లో చికాగోలో డొనాల్డ్ స్టైనర్ కనిపెట్టారు దీన్ని. ఒక ఇన్సులిన్‌కి ఒక సి-పెప్టైడ్, లెక్క సరిసమానం. ఇన్సులిన్‌నే కొలవచ్చు కదా అంటే, పాంక్రియాస్ నుంచి బయటికొచ్చిన ఇన్సులిన్‌లో సగం దాకా లివర్ మొదటి దెబ్బకే వాడేసుకుంటుంది, మిగిలింది కూడా నిమిషాల్లో మాయమవుతుంది, పైగా ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకి సొంతది ఏదో బయటిది ఏదో తేల్చడం కష్టం. సి-పెప్టైడ్‌ని లివర్ పెద్దగా ముట్టుకోదు, బయటి ఇన్సులిన్‌లో అది ఉండదు, కాబట్టి ఒంట్లో ఇంకా ఎంత తయారవుతోందో అదే చెప్తుంది. అమ్మకి 1.6 వచ్చింది, పాంక్రియాస్ ఇంకా పనిచేస్తోంది, ప్రస్తుతానికి ఇంజెక్షన్ అక్కర్లేదన్నారు.

ఆ మాట వినగానే అమ్మ ముఖం చూడాల్సింది. మా పెద్దమ్మకి ఇన్సులిన్ మొదలెట్టిన ఏడాదికే పోయింది, ఆ ఇంజెక్షనే తీసుకుపోయిందని అమ్మ నమ్మకం. మేడమ్ దానికి కూడా కూర్చుని చెప్పారు, 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లాడు ఎముకల గూడులా పడి ఉంటే ఇచ్చారట మొదటి ఇన్సులిన్, అది శుద్ధిగా లేక పనిచెయ్యలేదు, పన్నెండు రోజులకి కాలిప్ అనే ఆయన శుద్ధి చేసినది ఇచ్చాక షుగర్ దిగింది, ఆ పిల్లాడు ఇంకో 13 ఏళ్లు బతికాడు. మీ అక్కగారికి మొదలెట్టడం ఆలస్యం అయ్యుంటుందమ్మా అన్నారు. బ్రిటన్‌లో 1977లో మొదలెట్టి 5 వేల మందికి పైగా పేషెంట్లని ఏళ్ల తరబడి గమనించిన యూకేపీడీఎస్ అనే పరిశోధనలో తేలింది కూడా ఇదే, షుగర్ బయటపడే రోజుకే బీటా కణాల శక్తి సగం పోయి ఉంటుంది, తర్వాత ఏటా ఇంకాస్త తగ్గుతూ పోతుంది. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఇన్సులిన్ అవసరమైతే అది మనిషి చేసిన తప్పు కాదు. ఈ మాట మా ఇంట్లో ఇప్పుడు అందరికీ తెలుసు.

తిండి విషయానికొస్తే సెన్సర్ పెట్టిన డబ్బులు ఇక్కడే వచ్చేశాయి. నాలుగు ఇడ్లీలు పల్లీ చట్నీతో తింటే 142 నుంచి గంటా పది నిమిషాల్లో 251. ఉప్మా లేకుండా రెండు పెసరట్లు తిన్నరోజు 183 దాటలేదు. అన్నం మానలేదు, వరస మార్చాం, ముందు గిన్నెడు కూర, పప్పు తినేసి తర్వాత అన్నం కలుపుకుంటే అదే అన్నానికి 228 బదులు 189. తిన్న పావుగంటకి వరండాలో ఇటూ అటూ నడిస్తే ఇంకా దిగింది, ఎందుకంటే కదిలే కండ ఇన్సులిన్ పిలవకపోయినా షుగర్‌ని లోపలికి లాగేసుకుంటుంది, కాళ్లలో పెద్ద కండలు ఉన్నాయి కదా. ఇవి మా అమ్మ నంబర్లు, మీ ఇంట్లో వేరేగా ఉండొచ్చు, దాని కోసమే సెన్సర్.

ఇక ఇబ్బందులు. ఆరో రాత్రి రెండింటికి ఫోన్ మోగింది, చూస్తే 58. నా గుండె జారిపోయింది, అమ్మని లేపి గ్లూకోజ్ కలుపుతూ ఎందుకో వేలికి గుచ్చి చూశా, 96. సెన్సర్ ఉన్న చెయ్యి కిందకి వచ్చేలా పడుకుంది, బరువు పడి అక్కడ ద్రవం ఒత్తుకుపోతే ఇలా ఉన్నదాని కంటే తక్కువ చూపిస్తుందట. డబ్బాలో ఇచ్చిన పుస్తకంలో ఈ సంగతి పెద్ద అక్షరాల్లో ఉండాలి, లేదు. కాబట్టి గ్లూకోమీటర్ పారెయ్యొద్దు. విటమిన్ సి ఎక్కువ డోసులో వేసుకునేవాళ్లు కూడా డాక్టర్‌ని అడగండి, కొన్ని సెన్సర్లు దానికి ఎక్కువ చూపిస్తాయి.

తొమ్మిదో రోజు ఊడిపోయింది. ఎండ, చెమట, పైగా జాకెట్ చెయ్యి సరిగ్గా దాని అంచు మీదే రాసుకుంటోంది, చీరలు కట్టే ఆడవాళ్లకి ఈ సమస్య ఉంటుందని ఎవరూ ఆలోచించినట్టు లేరు. కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు ఫోన్, ఫోటోలు, బిల్లు, సీరియల్ నంబర్, చివరికి మార్చి ఇచ్చారు గానీ పన్నెండు రోజులు పట్టింది. రెండోదానికి కాస్త కిందకి పెట్టించి పైన ప్లాస్టర్ వేయించా, పద్నాలుగు రోజులూ నిలబడింది. ఒక్కోటి దాదాపు ఐదు వేలు, మధ్యతరగతి ఇంట్లో నెలకి రెండు అంటే అయ్యే పని కాదు, దీని ధర దిగాలి, మనసులో మాట చెప్తున్నా.

రిపోర్ట్‌లో చూడాల్సింది ఒక్కటే నంబర్, 70 నుంచి 180 మధ్య రోజులో ఎంతసేపు ఉన్నారు అని. 70 శాతం దాటితే మంచిదంటారు. మూడు నెలల టెస్ట్ 7.8 అంటే సగటు 177, కానీ సగటులో 251 లూ 118 లూ కలిసిపోతాయి, ఏ గంటలో పెరుగుతోందో అది చెప్పదు. మొదటి సెన్సర్‌కి అమ్మది 58 శాతం, మేడమ్ రాత్రి మందు మార్చాక, మేం తిండి వరస మార్చాక రెండోదానికి 71. మందు మార్పులు మాత్రం మీరంతట మీరు చెయ్యకండి.

ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనం అయ్యాక నేనే డబ్బా మూత తీసి సున్నుండ సగం విరిచి అమ్మకి పెట్టా. తిని, కాసేపు నడిచి, గంటకి తనే ఫోన్ జబ్బకి ఆనించుకుంది. 172. మిగతా సగం కూడా పెట్టమంది, రేపు అన్నా.

సెన్సర్‌కి నాలుగు స్టార్లు, ఒకటి తగ్గించింది ఆ జిగురుకి.