పాట దాచుకోవాలంటే ఏది మేలు: రికార్డా, క్యాసెట్టా, సీడీయా, డౌన్‌లోడా?

ఊరికే వినడానికైతే ఈ ప్రశ్నే అక్కర్లేదు, ఫోన్‌లో వెతికితే పాట వచ్చేస్తుంది. నచ్చిన పాట ఇరవై ఏళ్ళ తర్వాత కూడా మన ఇంట్లో, మన చేతిలో ఉండాలనుకునేవాళ్ళు మాత్రం కాస్త ఆలోచించుకోవాలి. నా ఓటు సీడీకి.

ముందు డౌన్‌లోడ్ సంగతి. సౌకర్యంలో దీన్ని కొట్టేది లేదు. నాలుగు నిమిషాల పాట సీడీలో 40 ఎంబీ దాటుతుంది, అదే 128 కేబీపీఎస్ ఎంపీ3లో 4 ఎంబీ కూడా ఉండదు. అంత కుదించినా ఇయర్‌ఫోన్స్‌లో బస్సు రొదలో వింటే తేడా తెలీదు. మంచి స్పీకర్ల మీద భజన పెట్టి చూడండి, తాళాల మోత గలగలమనకుండా బుసబుసమంటుంది. అదే శబ్దంలో ఏదీ వదలకుండా కుదించే ఫ్లాక్ ఫైలైతే ఆ బాధ లేదు, సీడీలో ఉన్నదంతా అందులోనూ ఉంటుంది. కాబట్టి శబ్దం ఒక్కటే చూస్తే డౌన్‌లోడ్‌ని తప్పుపట్టలేం.

నన్ను బాధపెట్టేది పేర్లు పోవడం. పాత తెలుగు పాటల ఎంపీ3లు ఏదో సైట్ నుంచి దించుకుంటే, గాయకుడి పేరు ఉండాల్సిన చోట ఆ సైట్ పేరే ఉంటుంది. పాట రాసినవాళ్ళ ఊసే ఉండదు. అదే ఏడంగుళాల ఈపీ రికార్డు తీసి చూస్తే మహా అయితే నాలుగు పాటలుంటాయి, అయినా ఎవరు పాడారు, ఎవరు రాశారు, సంగీతం ఎవరిది అన్నీ అచ్చేసి ఉంటాయి. ఒక కవి పేరు మన ఇంట్లో పిల్లల నోట పలకాలంటే ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా!

ఇంకో చిక్కు, అంగడి మూతపడటం. ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ అని ఎంపీ3 దుకాణం తెరిచి, 2013 జూన్‌లో మూసేస్తున్నామని చెప్పేసింది. ఫైళ్ళకి కాపీ కాకుండా ఆపే తాళం లేదు కాబట్టి కంప్యూటర్‌లోకి దించుకున్నవాళ్ళ పాటలు భద్రం. మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్‌లోనైతే సర్వర్లు మార్చేటప్పుడు ఏళ్ళ తరబడి జనం ఎక్కించిన పాటలు పోయాయని 2019లో బయటపడింది. ఇక స్ట్రీమింగ్ యాప్‌లో 'డౌన్‌లోడ్' నొక్కితే వచ్చేది మనది కానే కాదు. నెలవారీ చందా ఆపితే అదీ ఆగిపోతుంది.

ఎల్పీ, అంటే పెద్ద రికార్డు మీద మోజు నాకు బాగా అర్థమవుతుంది. 1948లో వచ్చిన ఈ నల్లటి పళ్ళెం ఒక వైపు ఇరవై నిమిషాల పైచిలుకు పాడుతుంది. లేచి తిప్పి పెట్టాలి కాబట్టి మనసు పాట మీదే ఉంటుంది. అమెరికాలో 2022లో ఎల్పీలు దాదాపు 4.1 కోట్లు, సీడీలు 3.3 కోట్లు అమ్ముడయ్యాయి. అయితే కొత్త ఎల్పీలు చాలావరకు డిజిటల్ మాస్టర్ (అసలు రికార్డింగ్) నుంచే తయారుచేస్తారు, కాబట్టి అచ్చమైన అనలాగ్ శబ్దం కోసమే కొంటే ఆశాభంగం తప్పదు. ధర సరేసరి, పిన్ను అరిగితే రికార్డూ అరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలి తేమకి రికార్డు గాడుల్లో తెల్ల బూజు పడుతుంది. అట్టపెట్టెలో పడుకోబెట్టి పేర్చితే వంకర్లు పోతాయి, నిలబెట్టే ఉంచాలి.

సీడీకి ఈ అరుగుడు లేదు. 1982లో మార్కెట్లోకి వచ్చింది, 74 నిమిషాల పాటలు పడతాయి, లోపల చిన్న పుస్తకంలో వివరాలుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, కంప్యూటర్‌కి యూఎస్‌బీ సీడీ డ్రైవ్ తగిలించి ఫ్లాక్‌లోకి కాపీ చేసుకుంటే డౌన్‌లోడ్ సుఖమూ దక్కుతుంది, అసలు డిస్కూ బీరువాలో ఉంటుంది. కొనేటప్పుడు 'కాంపాక్ట్ డిస్క్ డిజిటల్ ఆడియో' గుర్తు చూసుకోండి. 'ఒకే డిస్కులో 150 పాటలు' అని అమ్మేవి ఎంపీ3లే. ఇంట్లో బర్న్ చేసిన సీడీల్ని నమ్మొద్దు, వాటిలోని రంగు పూత వెలిసిపోతుంది. కొత్త తెలుగు సినిమా పాటలు సీడీలుగా రావడం దాదాపు ఆగిపోయింది, వాటికి మాత్రం తాళం లేని డౌన్‌లోడే గతి.

క్యాసెట్ ఇప్పుడు కొత్తగా కొనమని ఎవరికీ చెప్పను. కానీ ఇంట్లో ఉన్నవి పారేయొద్దని మాత్రం బతిమాలుతాను. మన పల్లెలకి పాటని మోసుకెళ్ళింది అదే. బుర్రకథలు, హరికథలు, పద్యనాటకాలు ఎన్నో క్యాసెట్ దగ్గరే ఆగిపోయాయి, సీడీ దాకా రాలేదు. అటకమీద మీ తాతగారి పెట్టెలో ఉన్న సైడ్ బీ ఇంకెక్కడా లేకపోవచ్చు.

బయటికి తీశాక వెంటనే ప్లే నొక్కకండి. ముందు క్యాసెట్ లోపల, టేపుని ప్లేయర్ హెడ్‌కి ఆనించే చిన్న స్పాంజి ముక్క ఊడిందేమో చూడండి. అది లేకపోతే పాట ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. స్క్రూలున్న వేరే క్యాసెట్ విప్పి, ఈ రీళ్ళు అందులోకి మార్చేస్తే చాలు. టేపు పొరలు అతుక్కుని ఉంటే ప్లేయర్ లాగి తెంపేస్తుంది, కాబట్టి ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి మళ్ళీ వెనక్కి తిప్పండి. హెడ్‌ని దూదితో, స్పిరిట్‌తో తుడవండి. ప్లేయర్ లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌లోకి రికార్డు చేసి ఫ్లాక్‌గా దాచండి. ఫైల్‌లో పాడినవాళ్ళు, రాసినవాళ్ళు, హార్మోనియం, తబలా వాయించినవాళ్ళు, కంపెనీ, క్యాసెట్ నంబరు, క్యాసెట్ పెట్టెలోని ఇన్‌లే కార్డు మీద ఉన్నవన్నీ ఎక్కించండి. ఆ కార్డుని రెండువైపులా స్కాన్ చేసి అదే ఫోల్డర్‌లో పెట్టండి.